చదువుకో గది

లక్ష్మీ సరస్వతులు అత్తాకోడళ్ళు, ఒక కప్పు కింద ఇమడరు అని మన పెద్దవాళ్ళు ఏనాడో తేల్చేశారు. వాళ్ళు తేల్చారు గానీ, ఆ అత్తాకోడళ్ళు ఒకే వీధిలో పక్కపక్కనే కాపురం పెట్టిన చోట్లు లోకంలో అక్కడక్కడా వున్నాయి. అలాంటి చోట ఎవరి సొమ్ముతో ఎవరు బతికారు, ఎవరు ఎవరికి రుణపడ్డారు అన్నది నన్ను చాలాకాలంగా తొలిచే ప్రశ్న.

పారిస్ నగరంలో సేన్ నది ఎడమ ఒడ్డున సెయింట్ జెర్మెన్ అని ఒక పేట వుంది. (ఫ్రెంచివాళ్ళు ఆ పేరు సగం నోట్లోనే మింగేసి పలుకుతారు. మనకి అంత నాజూకు రాదు.) పాత మఠం, దాని చర్చి, చుట్టూ సన్నటి వీధులు, పుస్తకాల కొట్లు, ప్రచురణ సంస్థలు, కాఫీ హోటళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పారిస్‌లో బొగ్గుకి కరువొచ్చింది. ఇళ్ళల్లో చలి. అక్కడి 'ఫ్లోర్' అనే కాఫీ హోటల్లో మాత్రం ఒక పొయ్యి వుండేది. సిమోన్ ద బోవా పొద్దున్నే వెళ్ళి ఆ పొయ్యి దగ్గర బల్ల చూసుకుని కూర్చుని రాసుకునేది. సార్త్ర్ కూడా అక్కడే. 1949లో 'సెకండ్ సెక్స్' రాసి లోకంలోని ఆడవాళ్ళందరి గురించీ మాట్లాడిన మనిషి, అంతకు కొన్నేళ్ళ ముందు ఒక కప్పు కాఫీ ఖరీదుకి కాస్త వెచ్చదనం కొనుక్కుని రాసుకుంది. నాకు ఆ పుస్తకం కన్నా ముందు ఆ పొయ్యే గుర్తొస్తుంది. ఎంత గొప్ప ఆలోచనైనా ముందు కాళ్ళూ చేతులూ కొంకర్లు పోకుండా వుంటేనే కదా!

ఇప్పుడా పేటలో గజం జాగా కొనాలంటే ఫ్రాన్సు వాళ్ళకే కళ్ళు తిరుగుతాయట. ఆ రచయితలు తిరిగిన 'లా యూన్' అనే పుస్తకాల కొట్టు 2012లో తన పాత చోటు ఖాళీ చేయాల్సొచ్చింది. ఆ చోట్లోకి ఖరీదైన చేతిసంచులు అమ్మే దుకాణం వచ్చింది. కొట్టు పక్కవీధికి మారి, 2015లో మూతబడింది. కాఫీ హోటళ్ళు బాగానే నడుస్తున్నాయి. ఫలానా వాళ్ళు కూర్చున్న చోటు చూడాలని జనం వరసకట్టి మరీ నిలబడతారు. రాసినవాళ్ళు వెళ్ళిపోయాక, వాళ్ళ పేరు అద్దెలు పెంచడానికి పనికొచ్చిందన్నమాట!

పారిస్ సంగతి మనకెందుకు అంటారా? నిజమే. మన సుల్తాన్‌బజారు వుండగా అంతదూరం పోవడం దండగే.

సుల్తాన్‌బజారు అనగానే మనలో చాలామందికి చీరలు, జాకెట్టు ముక్కలు, లేసులు, గాజులు జ్ఞాపకం వస్తాయి. నాకూ అంతే. కానీ ఒకప్పుడు దానికి రెసిడెన్సీ బజారు అని పేరు. ఇంగ్లీషు రెసిడెంటు భవనం చుట్టూ పెరిగిన పేట. నిజాం రాజ్యం నడిబొడ్డున వున్నా ఆ బజార్ల మీద పెత్తనం రెసిడెంటుదే. 1933లో గానీ వాటిని నిజాం ప్రభుత్వానికి తిరిగి అప్పగించలేదు. అందుకని సాహుకార్లు, బ్యాంకులవాళ్ళు, వకీళ్ళు అక్కడే చేరారు. నిజాం హుకుముల ఒత్తిడి అక్కడ కొంత తక్కువ. ఒక మీటింగు పెట్టుకోవాలన్నా, నలుగురు కూడి ఒక సంఘం పెట్టుకోవాలన్నా కాస్త ఊపిరాడేది. అంటే చూడండి, ఒక దొర నీడలోంచి తప్పుకుని ఇంకో దొర నీడలో నిలబడితే దొరికిన స్వేచ్ఛ అది! దాన్ని స్వేచ్ఛ అనాలో, రెండు గోడల మధ్య సందు అనాలో నాకు తెలీదు. ఆ సందులోనే తెలుగు మొలిచింది.

1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది అక్కడే. కొమర్రాజు లక్ష్మణరావు గారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు, రావిచెట్టు రంగారావు గారు దాని వెనక వున్నవాళ్ళలో ముఖ్యులు. మొదట గ్రంథాలయానికి సొంత ఇల్లు లేదు. రావిచెట్టు రంగారావు గారు తమ ఇంట్లోనే చోటిచ్చారు. ఆస్తిపరుడు. ఆ ఇంట్లో ఒక గది తెలుగు పుస్తకానిదైంది. రాజ్యంలో సగం మంది నోట తెలుగు వుంటే, కచ్చేరీలోనూ బళ్ళోనూ ఆ భాషకి పీట లేని రోజులవి. ఆ గది విలువ ఎంతని లెక్క కడతాం?

ఇక్కడ ఒక చిన్నమాట. ఫలానా పెద్దమనిషి తన ఇంట్లో గ్రంథాలయానికి చోటిచ్చాడని చరిత్ర ఒక్క వాక్యంలో రాసేస్తుంది. మనం ఆడవాళ్ళం కాబట్టి ఆ వాక్యం దగ్గర కాస్త ఆగాలి. రోజూ పదిమంది వచ్చిపోయే గదిని ఊడ్చిందెవరు? ఎండలో వచ్చినవాళ్ళకి మంచినీళ్ళ చెంబు పంపిందెవరు? చర్చ ముదిరి రాత్రి ఎనిమిదైతే 'భోజనానికి లేవండి' అని లోపల్నుంచి కబురు చేసి, మళ్ళీ పొయ్యి రాజేసిందెవరు? చరిత్రలో ఆ పద్దు లేదు. ఆయన 1910లో పోయారు. ఆ తర్వాత గ్రంథాలయ భవనం కోసం ఆయన భార్య లక్ష్మీనరసమ్మ గారు విరాళమిచ్చారు. అదీ నన్ను ఆపే సంగతి. భర్త పోయిన ఇల్లాలు, ఆ కాలంలో, 'ఇంక ఈ గోల చాలు, గది ఖాళీ చేసుకోండి' అని వుంటే ఒక్కరు కూడా తప్పు పట్టేవారు కాదు. ఆవిడ అలా అనలేదు. ఆ పుస్తకాలు ఆవిడ ఎన్ని చదివిందో మనకి తెలియదు. చదవడానికి తీరిక చిక్కిందో లేదో కూడా.

లక్ష్మణరావు గారి అక్కగారు భండారు అచ్చమాంబ. పదేళ్ళకే పెళ్ళయింది. బడికి పోలేదు. తన ఇంట్లో వుండి చదువుకుంటున్న తమ్ముడి పక్కన కూర్చుని చదువు నేర్చింది. తమ్ముడు సుల్తాన్‌బజారులో గ్రంథాలయం పెట్టించిన ఏడాదిలోనే, 1901లోనే, అక్కగారి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వెలువడింది. ఆడవాళ్ళ చరిత్రలు ఒక ఆడది వెతికి వెతికి రాసిన పుస్తకం. 1905లో ముప్ఫై ఏళ్ళకే పోయింది. ఆవిడకి చదువు చెప్పిన గది ఏది? తమ్ముడి పలకకీ వంటింటి గుమ్మానికీ మధ్య దొరికిన కాస్త చోటు. తమ్ముడికి నగరంలో స్నేహితులు ఇంట్లో గదులిచ్చారు. అక్కగారి చోటు అక్కగారే చేసుకుంది. ఇది ఎవరిమీదా ఫిర్యాదు కాదు. ఆ తమ్ముడి మీద అసలే కాదు, అక్కని అంత గౌరవంగా చూసినవాడు. కానీ 1901లో ఒక ఇల్లాలు ఒంటరిగా బజారు దాటి, పరాయివాళ్ళ ఇంట్లో బల్లముందు కూర్చుని పత్రిక తిరగేయగలిగేదా? మీరే చెప్పండి.

అయినా ఆ గది ఊరికే పోలేదు. మూడేళ్ళు తిరక్కుండా, 1904లో మా హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వెలిసింది. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి తెలుగులో చరిత్ర, శాస్త్రం పుస్తకాలు వేయడం మొదలుపెట్టారు.

సరిగ్గా అదే 1906లో ఆ ఊళ్ళోనే ఇంకో మండలి పుట్టింది. భాగ్యరెడ్డి వర్మ గారి జగన్మిత్ర మండలి. హరికథలు చెప్పించి దళితవాడల్లో మనుషుల్ని కూడగట్టాడాయన. 1910లో ఇసామియా బజారులో వాళ్ళ పిల్లల కోసం బడి తెరిచాడు. ఇసామియా బజారు నుంచి సుల్తాన్‌బజారుకి ఎంత దూరం? ఎండాకాలంలోనైనా రిక్షా అక్కర్లేనంత. రెండూ తెలుగే, రెండూ చదువే. ఒకదాని చరిత్ర రాసేటప్పుడు రెండోదాని పేరు ఎందుకు రాదో నేను చాలాసార్లు ఆలోచించాను. గది ఇవ్వగల సాహుకారు, జమీందారు ఒకవైపున్నారు. రెండోవైపు గది అడగడానికి కూడా గుమ్మం ఎక్కనివ్వని రోజులు. కాబట్టి ఆయన గది తనే వెతుక్కున్నాడు. డబ్బున్నవాళ్ళు చదువుకి చోటిస్తారు, నిజమే. కానీ ఆ చోటుకి ఒక గుమ్మం వుంటుంది. గుమ్మం దగ్గర ఎవరో ఒకరు నిలబడి 'నువ్వెవరి పిల్లవి?' అని అడుగుతారు. పైకి అడక్కపోయినా చూపుతో అడుగుతారు.

ఇంకో గుమ్మం కూడా వుంది. అది నాలుక దగ్గర వుంటుంది.

1921 నవంబరులో అక్కడి వివేకవర్ధని థియేటర్లో నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ మహాసభ జరిగింది. అధ్యక్షుడు ఎవరనుకున్నారు? ధోండో కేశవ కార్వే. పూనాలో వితంతువులకి ఆశ్రమం పెట్టి, 1916లో మన దేశంలో ఆడవాళ్ళకోసం మొదటి విశ్వవిద్యాలయం పెట్టిన మహానుభావుడు. సభలో ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ధారాళంగా నడుస్తున్నాయి. అల్లంపల్లి వెంకట రామారావు గారనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోయారు. అంతే. ఈలలు, చప్పట్లు, గోల. ఆయన్ని మాట్లాడనివ్వలేదు. ఆ గోల చేసినవాళ్ళు వీధిరౌడీలు కారు సుమండీ. సంఘాన్ని సంస్కరించడానికి వచ్చిన చదువుకున్న పెద్దమనుషులు! బాల్యవివాహాల మీద, ఆడపిల్లల చదువు మీద తీర్మానాలు చేసే సభలో పక్కవాడి మాతృభాషకి నవ్వొచ్చింది వాళ్ళకి. చదువు, డబ్బు, సంస్కారం మూడూ ఒకే పందిరి కింద చేరినా, ఒక మనిషి తన భాషలో నాలుగు ముక్కలు మాట్లాడేంత చోటు మిగల్లేదు.

ఆ రాత్రే పదిపన్నెండు మంది తెలుగువాళ్ళు ఒక ఇంట్లో కూడి ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. తర్వాత అది ఆంధ్ర మహాసభ అయింది, ఊరూరికీ పాకింది, దాని చరిత్ర పెద్దది. మాడపాటి హనుమంతరావు గారు అందులో ముందున్నవాళ్ళలో ఒకరు. ఆయన 1928లో నారాయణగూడలో ఆడపిల్లలకి తెలుగులో చదువు చెప్పే బడి పెట్టించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువంతా ఉర్దూలో. తెలుగు బడికి అక్కడ గుర్తింపు దొరకలేదు. ఇంక ఎవరి గొడుగు కిందికి వెళ్ళారో తెలుసా? పూనాలోని ఆ కార్వే గారి మహిళా విశ్వవిద్యాలయం కిందికే! తెలుగుకి అవమానం జరిగిన సభకి అధ్యక్షుడైన ఆయన సంస్థే, తెలుగులో చదివిన ఆడపిల్లల చదువుకి ముద్రవేసింది. మాడపాటి వారు ఆ సభ సంగతి మనసులో పెట్టుకుని 'ఆ గుమ్మం తొక్కేది లేదు' అనుకోలేదు. పంతానికి పోతే నష్టపోయేది ఆడపిల్లలు కదా. నాకిది చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. గది ఇచ్చేవాడికి వినయం వుండాలని అందరం చెప్తాం. గది తీసుకునేవాడికి కూడా ఒక రకం గుండె ధైర్యం కావాలి. 'నీ నీడ తీసుకుంటాను, నా భాష మాత్రం నీకివ్వను' అని మెత్తగా చెప్పగల ధైర్యం.

ఇక ఆ రెసిడెన్సీ భవనం సంగతి. కిర్క్‌పాట్రిక్ అనే ఇంగ్లీషు రెసిడెంటు రెండువందల ఏళ్ళ కిందట కట్టించాడు. ముందు పెద్ద స్తంభాలు, మెట్లు, మెట్లకి అటూ ఇటూ రాతి సింహాలు. హైదరాబాదు ఘరానా ఇంటి పిల్ల ఖైరున్నీసాని ప్రేమించి పెళ్ళాడాడు. ఆమె వెనక జనానాలో, రంగమహల్లో వుండేది. ఘోషా కాబట్టి ఇంటి ముందుభాగం చూడ్డానికి రాలేకపోయేదట. అందుకని ఆ భవనానిదే ఒక చిన్న నమూనా కట్టించి ఆమె తోటలో పెట్టించాడని చెప్తారు. తన మొగుడి ఇల్లు ఎలా వుంటుందో బొమ్మలో చూసుకోవాల్సిన గతి! కథ ఎంతవరకు నిజమో గానీ నమూనా మాత్రం నిజంగానే వుంది. 1949లో ఆ భవనంలోకి ఆడపిల్లల కాలేజీ వచ్చింది. తెలంగాణ జిల్లాల నుంచి సంచీ, టిఫిను డబ్బా పట్టుకుని వచ్చిన పిల్లలు ఆ సింహాల మధ్య నుంచి మెట్లెక్కి దర్బారు హాల్లోకి నడిచారు. 2022లో ఆ కాలేజీ మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. తన నాలుగెకరాల పంట కోసం దొరకి ఎదురు నిలిచిన పాలకుర్తి మనిషి పేరు, రెసిడెంటు దొర మేడ మీద! ఇది తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, కళ్ళూ చెమరుస్తాయి.

అన్నీ ఇలా శుభంగా ముగిశాయని చెప్తే అబద్ధమవుతుంది. ఈ సుల్తాన్‌బజారులో ఇవాళ ఒక అంగడి అద్దె పుస్తకాల మీద వచ్చే లాభంతో కట్టడం అసాధ్యం. భాషానిలయం ఇంకా నిలబడే వుంది, అదే పదివేలు. దాని పక్కనుంచి మెట్రో రైలు కూడా పోతోంది. కానీ చీరల బేరం మధ్యలో 'ఇక్కడ లైబ్రరీ ఎటండీ?' అని అడిగితే అంగడి కుర్రాడు వింతగా చూస్తాడు. పుస్తకం మాత్రం పూర్తిగా పేట విడిచిపోలేదు. మేడలోంచి దిగి రోడ్డుపక్కకి వచ్చింది. కోఠీలో ఆడపిల్లల కాలేజీ దగ్గర పాత పుస్తకాలు అమ్మేవాళ్ళని చూశారు కదా. ఒక పిల్ల వచ్చి నిలబడి అరగంట పేజీలు తిప్పి, కొనకుండా పెట్టేసి వెళ్తుంది. ఆ అమ్మేవాడు ఏమీ అనడు. మహా అయితే 'జాగ్రత్తమ్మా, అట్ట చిరుగుతది' అంటాడు. గది లేనివాడు కూడా చదువుకునేవాళ్ళకి చోటిస్తున్నాడు. అతని దగ్గర వున్నదల్లా ఒక పట్టా, వానొస్తే కప్పడానికి ఒక ప్లాస్టిక్ కవరు. ఫలానా చోట పుస్తకాలున్నాయి అని చెప్పి పక్కింటి అద్దె పెంచుకోవడం అతనికి చేతకాదు పాపం.

ఇంత చెప్పాక మా కేసముద్రం మాట చెప్పకపోతే బాగుండదు. జిల్లా మారి ఇప్పుడు మహబూబాబాద్ అయినా, మాకింకా నోటికి వరంగల్ అనే వస్తుంది. రైలు స్టేషను, పెద్ద మార్కెట్ యార్డు, మిర్చి, పత్తి, వడ్లు. సరస్వతి కన్నా లక్ష్మికే అలవాటైన ఊరు. ఈ మధ్య ఊళ్ళో ఒక కొత్త రకం ఇల్లు కనిపిస్తోంది. పిల్లలు అమెరికాలోనో, హైదరాబాదులోనో స్థిరపడ్డారు. కింద ముసలివాళ్ళిద్దరు, ఒక్కోచోట ఒక్కరే. పైన మూడు గదులు, మూడింటికీ తాళాలు. పిల్లలు వస్తే వుంటారని కట్టినవి. రెండేళ్ళకోసారి వచ్చి పదిరోజులుంటారు. మిగతా కాలమంతా అక్కడ కాపురం చేసేవి పావురాలు.

అదే ఊళ్ళో పరీక్షలకి చదువుకునే ఆడపిల్లలున్నారు. టీచరు పోస్టులని, గ్రూపులని. ఒకే గదిలో అమ్మ, నాన్న, టీవీ, తమ్ముడి సెల్‌ఫోను. ఇల్లు వదిలి వెళ్ళగలిగినవాళ్ళు హైదరాబాదు పోయి అశోక్‌నగర్ హాస్టళ్ళలో మంచం అద్దెకి తీసుకుని, చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దున్నే చోటు పట్టుకుంటారు. పంపలేని ఇంటి పిల్ల మేడమీది ట్యాంకు నీడలో కూర్చుంటుంది.

మా వీధిలో వదిన వరసయ్యే ఒకావిడ వుంది. పైగదుల్లో ఒకటి ఆ పిల్లలకి ఇవ్వకూడదా అని అడిగాను. సాయంత్రం పూట నాలుగు గంటలు, ఒక బల్ల, ఒక లైటు.

"మంచిగనే చెప్తివి. కరెంటు బిల్లు ఎవరు కడ్తరు? ఊడ్చేదెవరు?" అంది.

పిల్లలే ఊడ్చుకుంటారని, బిల్లు నలుగురం వేసుకుందామని అన్నాను.

కాసేపు బియ్యంలో రాళ్ళేరుతూ కూచుని, "ఎవరెవరు వస్తరో ఏమో" అంది తలెత్తకుండా.

అదీ అసలు సంగతి. కరెంటు బిల్లు కాదు, ఊడ్వడం కాదు. 'ఎవరెవరు.' ఆవిడ చెడ్డ మనిషి కాదు. 2024 సెప్టెంబరు మొదటి రోజున వరదకి ఇంటికన్నె దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయి, రైళ్ళు మా స్టేషన్లో నిలిచిపోయాయి. ప్రయాణికులకి తిండీ నీళ్ళూ అందించిన ఊరు ఇది. అప్పుడు అన్నం పొట్లం ఎవరి చేతికి పోయిందో ఎవరూ అడగలేదు. అడగాలని తోచలేదు కూడా. వరద రోజు ఇచ్చేది ఒక పూటలో అయిపోతుంది. గది రోజూ ఇవ్వాలి. రోజూ ఆ పిల్లలు మన మెట్లెక్కుతారు, మన బిందెలో నీళ్ళు ముంచుకుంటారు, మన గుమ్మం ముందు చెప్పులు విడుస్తారు. మాదిగ గూడెం పిల్లయినా, లంబాడీ తండా పిల్లయినా. ఈ మాట నేను పైకి అనలేదు. అనాల్సిన అవసరం లేకుండానే మా ఇద్దరి మధ్యా అది కూచునుంది. నూటపాతికేళ్ళ కిందట సుల్తాన్‌బజారులో గది ఇచ్చినవాళ్ళని మెచ్చుకోవడం చాలా సులువు. మనకి ఆ గది ఊడ్చే బాధ లేదు, ఆ గుమ్మంలో నిలబడే అవసరమూ లేదు.

"వాళ్ళే మాట్లాడుకుంటరా, గమ్మునుంటరా?" అని అడిగింది వెళ్ళొస్తుంటే.

"చదువుకునే పిల్లలు, మాట్లాడుకోరా మరి?" అన్నాను. "నువ్వూ పైకెళ్ళి కూచో, పొద్దు పోతుంది."

నవ్వింది. అవునననూ లేదు, కాదననూ లేదు.

మొన్న ఆవిడే పిలిచి, పైగదిలో పాత పందిరి మంచం వుంది, దాన్ని కిందికి దించడానికి మనుషులు కావాలంది. ఎందుకని నేను అడగలేదు. ఇద్దర్ని పంపాను. మంచం దిగింది. గది ఇంకా తాళం వేసే వుంది, తాళంచెవి ఆవిడ కొంగున ముడేసుకుని తిరుగుతోంది. నిన్న మాత్రం, ఆ గదికి కిటికీ ఎటువైపు వుంటే చదివేవాళ్ళకి కళ్ళు గుంజకుండా వుంటాయని అడిగింది.